రెడ్ క్యూబ్ ఫ్యూయల్ ఫ్లో సెన్సర్: మూడు చోట్లు మార్చి చూశాక రాస్తున్న రివ్యూ

మా మేనల్లుడు దొడ్డబళ్ళాపుర దగ్గర షెడ్డు అద్దెకు తీసుకుని నాలుగేళ్లుగా ఒక చిన్న విమానం కడుతున్నాడు. జెనిత్ సీహెచ్ 701, రెండు సీట్లు, రెక్క నెత్తిమీద ఉండే రకం. ఇంజను రోటాక్స్ 912 యూఎల్ఎస్, 100 హార్స్ పవర్. వారమంతా వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాలు షెడ్డు. మాది హిందూపురం. నేను యలహంకలో స్థిరపడ్డాను. ముప్పై ఏళ్లు డెయిరీల్లో, మందుల ఫ్యాక్టరీల్లో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేసి రిటైరయ్యాను. పాల పైపులకు ఫ్లో మీటర్లు బిగించడం, వాటి లెక్క సరిచూడడం నాకు అన్నం పెట్టిన పని. అందుకే ఇంజను ఎంత పెట్రోలు తాగుతోందో కొలిచే ఈ సెన్సర్ పార్సిల్ వచ్చిన రోజు వాడు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి, "మామా, ఇది నీ డిపార్ట్‌మెంటు. ఎక్కడ పెట్టాలో నువ్వే చెప్పు" అన్నాడు.

అది చెప్పడానికి నాకు ఐదు నెలలు పట్టింది. సెన్సర్ మంచిదే. కానీ అది చూపించే అంకె నిజమా కాదా అన్నది మనం దాన్ని బిగించిన చోటును బట్టి ఉంటుంది. కొనేవాళ్లు చాలామంది ముందు కొని, తర్వాత ఖాళీ ఎక్కడుంటే అక్కడ బిగిస్తారు. మేమూ అదే చేశాం. మీరు ఆ దారిన పోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు వస్తువు సంగతి. ఎలక్ట్రానిక్స్ ఇంటర్నేషనల్ అనే అమెరికా కంపెనీది, అసలు పేరు ఎఫ్‌టీ-60. ఎర్ర రంగు అల్యూమినియం దిమ్మె కాబట్టి విమానాలు కట్టేవాళ్లంతా రెడ్ క్యూబ్ అనే పిలుస్తారు. అరచేతిలో ఇమిడిపోతుంది. పెట్రోలు లోపలికి వచ్చే రంధ్రం, బయటికి పోయే రంధ్రం, రెండూ పావు అంగుళం ఎన్‌పీటీ (అమెరికా పైపు కొలత) మరలు. నెత్తిన మూడు వైర్లు: ఎరుపు 12 వోల్టులకు, నలుపు గ్రౌండుకు, తెలుపు సిగ్నల్‌కు. లోపల ఒక చిన్న చక్రం ఉంటుంది. పెట్రోలు దాన్ని తిప్పుకుంటూ పోతుంది. చక్రం తిరుగుతూ ఒక కాంతి రేఖను కోసినప్పుడల్లా ఒక పల్సు బయటికి వస్తుంది. ఒక అమెరికన్ గ్యాలను, అంటే 3.785 లీటర్లు పోతే దాదాపు 68,000 పల్సులు. మన లెక్కలో లీటరుకు 18,000కు దగ్గర. ఇంజను గంటకు 18 లీటర్లు తాగుతుంటే సెకనుకు 90 పల్సులు. గ్యాలనుకు ఎన్ని పల్సులో చెప్పే సంఖ్యనే కె-ఫ్యాక్టర్ అంటారు. ఒక్కో సెన్సర్‌కు దాని సొంత కె-ఫ్యాక్టర్ రాసిన ట్యాగు వస్తుంది. దాన్ని పారేయకండి, లాగ్‌బుక్‌లో అంటించుకోండి. మా స్క్రీను డైనాన్ స్కైవ్యూ. సెట్టింగుల్లో ఆ సంఖ్య ఎక్కించి, తెల్ల వైరు కలిపితే చాలు, అంకె వచ్చేస్తుంది. ఎలక్ట్రికల్ పని ఒక్క పూట. ఇగ్నిషన్ మాడ్యూళ్లకు దూరంగా వైర్లు లాగితే సిగ్నల్‌లో గోల ఉండదు, అంతకంటే అందులో చెప్పాల్సింది లేదు.

ఇంకో జాగ్రత్త. రంధ్రాలకు ఉన్న మూతలు బిగించే నిమిషం దాకా తీయకండి. శుభ్రం చేద్దామని కంప్రెసర్ గాలి అసలు కొట్టకండి. పెట్రోలు వేగానికి తిరగాల్సిన చక్రం గాలి వేగానికి గిర్రున తిరిగి బేరింగు చెడిపోతుంది. మా షెడ్డులో వెల్డింగుకు వచ్చే కుర్రాడు చనువుగా ఎయిర్ గన్ తీసుకుని దగ్గరికి రాబోతే నేను కేకేసి ఆపాను.

ఇక చోటు. రోటాక్స్ 912 పెట్రోలు దారి తెలియకపోతే ఈ గొడవ అర్థం కాదు. రెక్కల్లోని ట్యాంకుల నుంచి పెట్రోలు కిందికి దిగి, ఫిల్టరు, వాల్వు దాటి, ఫైర్‌వాల్ (కాక్‌పిట్‌కూ ఇంజనుకూ మధ్య ఉండే అడ్డుగోడ) గుండా ఇంజను వైపు పోతుంది. మెకానికల్ పంపు ముందుభాగంలో గేర్‌బాక్సు మీద ఉంటుంది. పంపు నుంచి వెనక్కి వచ్చి, ఇంజను పైన చెరో పక్కన ఉన్న రెండు బింగ్ కార్బురేటర్లకు చీలుతుంది. ఇక్కడే ఇంకో పాయ ఉంది: రిటర్న్ లైన్. పంపు తోసిన పెట్రోల్లో కొంత కార్బురేటర్లకు పోకుండా, 0.35 మిల్లీమీటర్ల సన్న రంధ్రం గుండా మళ్లీ ట్యాంకుకు వెళ్లిపోతుంది. అది వృథా అనుకోకండి. వేడికి గొట్టాల్లో పుట్టే ఆవిరిని ఎప్పటికప్పుడు తీసుకుపోవడం దాని పని. అది లేకపోతే ఎండాకాలంలో ఆవిరి అడ్డుపడి ఇంజను దగ్గుతుంది.

అంటే పంపు దాటే పెట్రోలంతా ఇంజను తాగే పెట్రోలు కాదు. ఈ ఒక్క మాట మొదట్లోనే గట్టిగా పట్టుకుని ఉంటే మాకు రెండు నెలలు మిగిలేవి.

మేము మొదట ఎంచుకున్నది కాక్‌పిట్ లోపల, ఫైర్‌వాల్‌కు ఇవతల, పంపు కంటే ముందు. ఆ చోటులో గుణాలు చాలా ఉన్నాయి. చల్లగా ఉంటుంది. ఇంజను కుదుపు తగలదు. వైర్లు పొట్టి. మంటకు దూరం. బిగించడం, విప్పడం సుఖం. రెక్క పైన ఉంది కాబట్టి పెట్రోలు తన బరువుతోనే దిగుతుంది, పంపు పీల్చుకోవడంలో బుడగలు పుట్టే భయం తక్కువ. రెక్క కింద ఉండే విమానాల్లో పంపుకు ముందు గొట్టంలో పీల్పు ఉంటుంది కాబట్టి అక్కడ ఈ మాట చెల్లదు. మా విమానం నడిపే పైలట్, మేము కెప్టెన్ గారు అనే ఆయన, మూడు సార్లు ఎగిరి వచ్చారు. స్క్రీను మీద అంకె నిలకడగా ఉంది, మేమంతా సంతోషించాం.

ట్యాంకు మళ్లీ అదే గుర్తు దాకా నింపినప్పుడు సంతోషం పోయింది. 41 లీటర్లు ఖర్చయిందని స్క్రీను చెప్పింది. ట్యాంకులు పట్టింది 36.8 లీటర్లు. ఎగిరిన సమయం మొత్తం 2 గంటల 6 నిమిషాలు. గంటకు రెండు లీటర్ల తేడా.

మేనల్లుడు వెంటనే లెక్క తీశాడు. "కె-ఫ్యాక్టర్ పెంచేస్తే సరిపోతుంది మామా. 68,000ని 41తో గుణించి 36.8తో భాగిస్తే 75,760. అది ఎక్కిద్దాం, అయిపోయె." లెక్క తప్పు కాదు. ఫార్ములా అదే: పాత కె-ఫ్యాక్టర్‌ను స్క్రీను చెప్పిన ఖర్చుతో గుణించి, నిజంగా పట్టినదానితో భాగించాలి. కానీ ఆ ఫార్ములా ఏ తప్పును సరిచేస్తుందో చూడాలి. చక్రం ఎప్పుడూ నూటికి ఇంత అని ఎక్కువ చూపిస్తుంటే కె-ఫ్యాక్టర్ మార్చడం మందు. మా తప్పు అలాంటిది కాదు. ఇంజను తక్కువ తాగినా ఎక్కువ తాగినా, ఆ రెండు లీటర్లు అటూ ఇటుగా అంతే ఉంటుంది.

నేను కాగితం తీసి వాడికి చూపించాను. ఐడిలింగులో ఇంజను గంటకు 3 లీటర్లు తాగుతుందనుకో. సెన్సర్ గుండా 5 పోతుంది. కొత్త కె-ఫ్యాక్టర్‌తో స్క్రీను నాలుగున్నర చూపిస్తుంది. తప్పే, కానీ ప్రమాదం లేదు. క్రూయిజులో 18 తాగితే 20 పోతుంది, స్క్రీను 18 చూపిస్తుంది. అక్కడ బ్రహ్మాండంగా కలుస్తుంది, మనం నమ్మేస్తాం. టేకాఫ్‌లో ఈ ఇంజను గంటకు 27 లీటర్లు తాగుతుంది. సెన్సర్ గుండా 29 పోతుంది. స్క్రీను చూపించేది 26. ఎక్కువ తాగుతున్న వేళ తక్కువ చూపిస్తోంది. మొదట అంకె ఎక్కువ చూపించినప్పుడు కనీసం అది మనల్ని తొందరగా దించేది, దిద్దాక అదే అంకె గాల్లో ఇంకాస్త ఉండొచ్చని ధైర్యం చెబుతుంది. ఇలా తప్పును అంకెల్లో దాచేయడాన్ని మా డెయిరీలో కాకిలెక్క అనేవాళ్లం. వాడు కాగితం చాలాసేపు చూసి, ఎక్కించిన సంఖ్యను తనే తీసేశాడు.

రిటర్న్ లైన్ అసలు ఎంత పంపుతోందో కొలవాలనుకున్నాం. ఆదివారం పొద్దున్నే ఆరింటికి, ఆరుబయట, ఇంజను ఆపి, విమానానికి ఎర్త్ వైరు కట్టి, పక్కన మంటలార్పే సిలిండరు పెట్టుకుని, రిటర్న్ గొట్టం కొసను కొలత గీతలున్న బీకరులో పెట్టాం. మెకానికల్ పంపుకు తోడుగా ఉన్న ఎలక్ట్రిక్ పంపు మాత్రం వేశాం. ప్రెజరు 0.3 బార్. పెంకుటింటి చూరు నుంచి వాన వెలిసాక కారే ధారలా సన్నగా పడుతోంది. 10 నిమిషాలకు 340 మిల్లీలీటర్లు. గంటకు రెండు లీటర్ల పైచిల్లర. తప్పిపోయిన పెట్రోలు దొరికింది.

ఈ దశలో ఒక సలహా వచ్చింది: రిటర్న్ లైన్‌లో ఇంకో సెన్సర్ పెట్టి, ఒకదాని నుంచి ఒకటి తీసేయండి. వినడానికి బాగుంది. నాకు నచ్చలేదు. గంటకు రెండు లీటర్లంటే చాలా సన్న ధార. అంత తక్కువ ప్రవాహంలో ఇలాంటి చక్రపు మీటరు నమ్మకంగా తిరగదు, రాపిడి దాన్ని పట్టి వెనక్కి లాగుతుంది. ఒక నమ్మకమైన అంకె నుంచి నమ్మకం లేని అంకెను తీసేస్తే మిగిలేదీ నమ్మకం లేనిదే. పైగా ఒక్క సెన్సరే కొరియరు, కస్టమ్స్ కలిపి మా చేతికి వచ్చేసరికి 30,000కు చేరువైంది. రెండోది అక్కర్లేదన్నాను.

ఇక మిగిలిన దారి గొట్టాలనే మార్చడం. పంపు తర్వాత మొదట రిటర్న్ టీ (రిటర్న్ లైన్ చీలే, ఇంగ్లిష్ టి ఆకారపు ఫిట్టింగు), ఆ తర్వాత సెన్సర్, ఆ తర్వాత రెండు కార్బురేటర్లకు చీలే టీ. అప్పుడు సెన్సర్ గుండా పోయే ప్రతి చుక్కా ఇంజను తాగేదే. ఇందులో ఒక ఇరకాటం ఉంది. రిటర్న్ టీ దాటాక ఉండే గొట్టంలో ఆవిరిని వెనక్కి తీసుకుపోయేవాళ్లు లేరు. అక్కడ పుట్టిన బుడగ సెన్సర్ గుండానే కార్బురేటర్ దాకా పోయి, దాని ఫ్లోట్ బౌల్‌లో (పెట్రోలు నిలిచే గిన్నెలో) బయటపడాలి. కాబట్టి ఆ ముక్క ఎంత పొట్టిగా, ఎంత చల్లగా ఉంటే అంత మంచిది. బెంగళూరు సముద్రమట్టానికి 3,000 అడుగుల ఎత్తు. నేల మీదే గాలి ఒత్తిడి చెన్నైతో పోలిస్తే దాదాపు పదో వంతు తక్కువ, పెట్రోలు అంత తొందరగా ఆవిరవుతుంది. మేము వాడేది డ్రమ్ముల్లో తెచ్చుకునే ఏవ్‌గ్యాస్, అంటే విమానాల పెట్రోలు. ఈ ఇంజనుకు పది శాతం ఇథనాల్ దాకానే అనుమతి, బంకుల్లో ఇప్పుడు దొరికేది ఇరవై శాతం కలిపినది. ఏవ్‌గ్యాస్‌కు ఆవిరయ్యే గుణం తక్కువ, అది కొంత మేలు. ఇంజను పెట్రోలు గొట్టాల వరస మార్చడం చిన్న విషయం కాదు కాబట్టి ఈ ఇంజన్ల మీద పనిచేసే ఇంజనీరుకు బొమ్మ గీసి చూపించి, ఆయన సరేనన్నాకే చెయ్యి వేశాం. మీరూ అలాగే చేయండి.

ఫిట్టింగుల కోసం బెంగళూరు ఎస్.జె.పి. రోడ్డుకు వెళ్లాను. అక్కడ జరిగింది చెప్పి తీరాలి, ఎందుకంటే మన దేశంలో ఈ సెన్సర్ కొనే ప్రతివాళ్లకూ ఇది ఎదురవుతుంది. పావు అంగుళం ఎన్‌పీటీ కావాలని అడిగితే ఒక దుకాణంలో ఇత్తడి ఫిట్టింగు తీసి గాజు బల్ల మీద పెట్టాడు. "ఇదే సార్, రెండూ ఒకటే, అందరూ ఇదే తీసుకుపోతారు." చూపుకు ఒకటే. నా జేబులో ఎప్పుడూ మరల గేజి ఉంటుంది. 18 పళ్ల ఆకు తీసి ఫిట్టింగు మీద ఆనించి వెలుతురుకు పట్టాను. మొదటి మూడు పళ్లు కూర్చున్నాయి, ఆ తర్వాత సందులోంచి వెలుతురు కనబడింది. 19 పళ్ల ఆకు ఆనిస్తే అతికినట్టు కూర్చుంది. అది బీఎస్‌పీ, బ్రిటిష్ పైపు మర. పావు అంగుళం బీఎస్‌పీకి అంగుళానికి 19 మరలు, 55 డిగ్రీల కోణం. ఎన్‌పీటీకి 18 మరలు, 60 డిగ్రీలు. చేత్తో తిప్పితే రెండు చుట్లు హాయిగా ఎక్కుతుంది, అందుకే జనం మోసపోతారు. తర్వాత స్పానరుతో బలవంతం చేస్తే మెత్తటి అల్యూమినియం మర చీరుకుపోతుంది. కారడం మొదలయ్యేది ఇంజను మీద. దుకాణదారుకు గేజి చూపించి చెప్పాను, ఆయన ఒప్పుకోలేదు. నాలుగో దుకాణంలో అసలు ఎన్‌పీటీ దొరికింది. గేజి లేకుండా ఆ రోడ్డుకు వెళ్లకండి.

మరకు టెఫ్లాన్ టేపు చుట్టకండి. కుళాయిలకు అలవాటైన చెయ్యి తెలియకుండానే చుట్టేస్తుంది. బిగించేటప్పుడు తెగిన పోగు ఒకటి లోపలికి పోయి చక్రానికి చుట్టుకుంటే పని అయిపోయినట్టే. పెట్రోలుకు కరగని పేస్టు సీలెంటు, మొదటి రెండు మరలు వదిలేసి, పలచగా. చేతి బిగింపు తర్వాత ఒకటిన్నర చుట్లు, మహా అయితే రెండు.

రెండో చోటు ఇంజను గదిలో, ఫైర్‌వాల్ పైభాగాన, కార్బురేటర్ల వెనక. వరస సరిగ్గానే ఉంది: రిటర్న్ టీ, సెన్సర్, చీలే టీ. జాగా ఇరుకని రెండు రాజీలు పడ్డాం. లోపలికి వచ్చే రంధ్రానికే 90 డిగ్రీల ఎల్బో నేరుగా బిగించాం. బయటికి పోయే గొట్టం మూడు అంగుళాలు కిందికి దిగి, చీలే టీకి చేరి, అక్కడి నుంచి కార్బురేటర్లకు ఎక్కేది. చల్లటి ఇంజనుతో పరుగు పెట్టిస్తే అంకె బాగానే ఉంది. ఏప్రిల్ మధ్యాహ్నం ఇంజను ఆపి, పావుగంట ఆగి మళ్లీ స్టార్ట్ చేశాం. ఆపిన ఇంజను వేడి కౌలింగు (ఇంజను మీది రేకు తొడుగు) లోపలే తిరుగుతుంది, గాలి ఆడదు, అప్పుడే గొట్టాలు అన్నిటికంటే ఎక్కువ కాగుతాయి. ఆర్‌పీఎం సూది కదలకుండా ఒకేచోట ఉంది. ఫ్లో మాత్రం 14, 31, 9, 22.

మేనల్లుడి ముఖం వాడిపోయింది. "సెన్సర్ పోయిందా మామా?" అన్నాడు. పోలేదన్నాను, కానీ చూపించాలి కదా. ఇంజను ఆపి, సెన్సర్ తర్వాతి గొట్టం విప్పి, జానెడు పారదర్శకపు గొట్టం తాత్కాలికంగా పెట్టి, దాని కొసను డబ్బాలోకి వదిలి, ఎలక్ట్రిక్ పంపు వేశాం. టార్చి వెలుగులో ఇద్దరం తల వంచి చూశాం. సెన్సర్ నోటి దగ్గర, గొట్టం కిందికి వంగే చోట కందిగింజంత బుడగ ఒకటి కూర్చుంది. పెట్రోలు దాని కింద నుంచి పోతోంది. బుడగ పైకి పోవాలని చూస్తోంది, దారి కిందికి ఉంది. వణుకుతూ అక్కడే ఉండిపోయింది. మెల్లగా ఇంకో చిన్న బుడగ వచ్చి దానిలో కలిసింది. లావెక్కాక గుటుక్కున కిందికి జారింది, స్క్రీను మీద అంకె ఎగిరింది. ఆ చోటు ఖాళీ అయిందో లేదో ఇంకోటి వచ్చి కూర్చుంది. ఐదు నిమిషాలు చూశాం. వాడు ఒక్క మాట మాట్లాడలేదు.

పాల పైపుల్లో ఇది మొదటి పాఠం. నురగ పాలు వచ్చే చోట మీటరును ఎప్పుడూ పైకి ఎక్కే పైపులోనే పెడతాం, గాలి తనంతట తాను వెళ్లిపోవాలని. మీటరుకు ముందూ వెనకా పైపు తిన్నగా ఉండాలి, ఎల్బో పక్కనే పెడితే ప్రవాహం సుడి తిరిగి చక్రాన్ని తప్పుగా తిప్పుతుంది. రెడ్ క్యూబ్‌కూ అవే నియమాలు: వైర్లు ఆకాశం వైపు, బయటికి పోయే గొట్టం సెన్సర్ మట్టంలో గానీ పైకి గానీ, ఎన్నడూ కిందికి కాదు, రంధ్రాలకు ఆనించి ఎల్బో వద్దు. ఇవన్నీ నాకు తెలిసీ, ఇరుకు చూసి సర్దుకున్నాను. విమానంలో నేను సర్దుకోకూడదు. ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

మూడో చోటు రెండో చోటుకు జానెడు దూరమే. బ్రాకెట్టు కిందికి దించి, సెన్సర్ కార్బురేటర్ల కంటే తక్కువ ఎత్తులో ఉండేలా ఫైర్‌వాల్‌కే బిగించాం. ఇంజను రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది కాబట్టి సెన్సర్‌ను ఇంజనుకు కట్టలేదు. రెండు వైపులా వంగే గొట్టాలు, వాటికి క్లాంపులు, గొట్టం బరువు సెన్సర్ మీద పడకుండా. ముందూ వెనకా ఐదేసి అంగుళాలు తిన్నగా. సెన్సర్ నుంచి కార్బురేటర్ల దాకా గొట్టం ఒక్క చోట కూడా దిగదు. దిమ్మెకూ గొట్టాలకూ మంటను ఆపే తొడుగు, ఫైర్ స్లీవ్ తొడిగాం. సైలెన్సరు కింద ఉంది, సెన్సర్ పైన ఉంది, మధ్యలో అల్యూమినియం రేకు అడ్డం. కౌలింగు సందులోంచి చిన్న గొట్టంతో చల్లగాలి దాని మీదికి మళ్లించాం.

పెట్రోలు దారిలో ఏ వస్తువు కొత్తగా పెట్టినా, అంకె చూడడం కంటే ముందు ఇంజనుకు సరిపడా పెట్రోలు పోతోందా అని కొలవాలి. దీన్ని మాత్రం దాటవేయకండి. టేకాఫ్‌కు గంటకు 27 లీటర్లు కావాలి. పంపు మీద నడిచే దారికి దానికి 125 శాతం, బరువు మీదే దిగే దారికి 150 శాతం రావాలని విమానాలు కట్టేవాళ్లు పాటించే లెక్క. 150 శాతమంటే 40.5 లీటర్లు, నిమిషానికి 675 మిల్లీలీటర్లు. ముందు చక్రాన్ని ఇటుకల మీదికెక్కించి, ముక్కు పైకి లేచి ఎక్కుతున్న వాలులో, ట్యాంకులో కొద్దిగానే పెట్రోలు ఉంచి, కార్బురేటర్ దగ్గర గొట్టం విప్పి కొలిచాం. పంపు వేస్తే లీటరు బీకరు 80 సెకన్లలో నిండింది, అంటే గంటకు 45 లీటర్లు. రెండు లెక్కలకూ సరిపోయింది. ప్రెజరు సెన్సర్‌ను కూడా రెడ్ క్యూబ్ తర్వాతకు మార్చాం, కార్బురేటర్‌కు నిజంగా ఎంత అందుతోందో తెలియాలని. రోటాక్స్ అడిగేది 0.15 నుంచి 0.4 బార్. ఫుల్ థ్రాటిల్‌లో మాకు 0.28 నిలిచింది.

మళ్లీ అదే ఏప్రిల్ మధ్యాహ్నం పరీక్ష. ఆపాం, పావుగంట ఆగాం, స్టార్ట్ చేశాం. మొదటి అరనిమిషం అంకె కాస్త ఊగింది, తర్వాత నిలిచిపోయింది. ఐడిలింగులో కొద్దిగా అటూ ఇటూ ఆడుతూనే ఉంటుంది. ఫ్లోట్ నీడిల్ తెరుచుకుంటూ మూసుకుంటూ పెట్రోలు విడతలుగా తీసుకుంటుంది కాబట్టి అది సహజం, సెన్సర్ దోషం కాదు.

ఆ తర్వాత కె-ఫ్యాక్టర్ దిద్దాం, ఈసారి దిద్దడానికి అర్హత ఉంది. స్క్రీను 37.6 అంది, ట్యాంకులు 36.9 పట్టాయి. 68,000ని 37.6తో గుణించి 36.9తో భాగిస్తే 69,290. 69,300 ఎక్కించాం. నింపడంలో కూడా క్రమశిక్షణ కావాలి: అదే చదును నేల, ట్యాంకు మెడ మీద అదే గుర్తు, పొద్దుటిపూట. పెట్రోలు పది డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక శాతం ఉబ్బుతుంది. పొద్దున నింపి మధ్యాహ్నం కొలిచి సెన్సర్‌ను తిట్టడం అన్యాయం. ఒక్క నింపుతో దిద్దేయకండి, కనీసం రెండు మూడు చూడండి.

వేరే ఇంజన్లవాళ్లు అడుగుతారని ఒక మాట. 912 ఐఎస్ (ఇంజెక్షన్ ఉన్న రోటాక్స్) ఉన్నవాళ్లకు ఇది అక్కర్లేదు, ఆ ఇంజను కంప్యూటరే ఎంత ఇంజెక్ట్ చేస్తోందో లెక్కకట్టి చెబుతుంది. బెండిక్స్ రకం ఇంజెక్షన్ ఉన్న లైకమింగ్ ఇంజనుకు రిటర్న్ లైన్ లేదు. పెట్రోలు పాళ్లు చూసే సర్వోకూ, పైన ఉండి దాన్ని సిలిండర్లకు పంచే ఫ్లో డివైడరుకూ మధ్య పెట్టుకోవచ్చు, అక్కడ కొలిచిన ప్రతి చుక్కా సిలిండర్లకే పోతుంది, కాకపోతే వేడి చోటు. కాంటినెంటల్ ఇంజెక్షన్‌లో పంపు నుంచి రిటర్న్ ఉంటుంది కాబట్టి పంపుకు ముందు పెడితే మా మొదటి చోటు కథే మళ్లీ. కార్బురేటర్ ఉన్న లైకమింగ్‌కు పంపుకూ కార్బురేటరుకూ మధ్య, గొట్టం పైకెక్కే చోట. ఏ ఇంజనైనా కాగితం మీద పెట్రోలు దారి మొత్తం గీసి, వెనక్కి పోయే పాయలన్నిటికీ ఎర్ర పెన్సిలు పెట్టి, వాటి తర్వాత ఉన్న చోటు కోసం వెతకండి. పార్సిల్ రాకముందే ఆ బొమ్మ గీసి ఉంటే మేము మూడుసార్లు గొట్టాలు కోసేవాళ్లం కాదు.

కొనమంటారా అంటే, కొనమంటాను. నేను చూసిన ఫ్యాక్టరీ మీటర్లలో ఇంతకు పదింతలు ధర పెట్టినవి ఇంత నిలకడగా పల్సు ఇవ్వలేదు. మూడు చోట్లు మార్చినా, కాగినా, బుడగలు మింగినా దాని లెక్క దానిదే. దాని ముందు మంచి ఫిల్టరు ఉండాలి, 50 గంటలకోసారి ఆ ఫిల్టరు తీసి చూడాలి. ట్యాంకులో ఎంత ఉందో మాత్రం దీనికి తెలియదు. ఎంత పోయిందో మాత్రమే తెలుసు. మూత సందులోంచి కారిపోయినా, ముందున్న గొట్టం కారినా దీనికి పట్టదు. అందుకే కొలకర్రతో ట్యాంకు చూడకుండా మా కెప్టెన్ గారు ఇప్పటికీ ఎక్కరు, మేమూ ఎక్కనివ్వం.

నేల మీదా గాల్లోనూ కలిపి ఇప్పటికి 38 గంటలయ్యాయి. మూడో చోటుకు మార్చాక ఐదుసార్లు నింపాం. మొన్న ఆదివారం వాడు క్యాను ఎత్తి పోస్తుంటే నేను స్క్రీను ముందు కూర్చుని 36.4 అని చదివాను. "36.7 పట్టింది మామా" అని రెక్క మీద నుంచి కేకేశాడు.